టీవీనే కంప్యూటర్ మానిటర్‌గా వాడాలంటే: బల్ల కొలత నుంచి వైఫై పాస్‌వర్డ్ దాకా

43 అంగుళాల 4కె టీవీ తెరలో ఎంత చోటుందో చాలామంది లెక్క వేసి చూడరు. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు నాలుగు తెచ్చి, పైన రెండు, కింద రెండు, మధ్యలో అంచులు లేకుండా అతికిస్తే వచ్చేంత చోటు అది. ఎక్సెల్ ఒక మూల, బ్రౌజర్ ఒక మూల, మీటింగ్ ఇంకో మూల పెట్టుకుని పని చేసుకోవచ్చు. అదే సైజు 4కె మానిటర్ కొనబోతే ధర చాలా ఎక్కువ చెబుతారు, దొరకడమూ తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. మానిటర్ల మీదా అంతే తగ్గింది కాబట్టి రెండింటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంది.

అయితే టీవీని తెచ్చి తీగ గుచ్చగానే మానిటర్ అయిపోదు. అక్షరాలు మసకగా ఉంటాయి, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది, టాస్క్‌బార్ సగం తెర అంచు కిందకి పోతుంది. పైగా టీవీ తనకి వైఫై కావాలని, మీ ఈమెయిల్ కావాలని అడుగుతూనే ఉంటుంది. ఇవన్నీ సరిచేసుకోవచ్చు. మీ కంప్యూటర్‌కి కావలసినంత తెలివి ఇప్పటికే ఉంది, టీవీ నుంచి మీకు కావలసింది తెర మాత్రమే. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పే పనుల్లో ఏది ఎందుకో మీకే అర్థమవుతుంది.

ముందు టేప్ తీసి బల్ల కొలవండి

43 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు. ఇప్పటి టీవీలకు కాళ్లు రెండు చివర్లా ఉంటాయి. బల్ల పొడవు 90 సెంటీమీటర్లే అయితే ఒక కాలు గాల్లో ఉండొచ్చు. టీవీ అడుగున రెండు కాళ్ల మధ్య దూరం ఎంతో కంపెనీ వెబ్‌సైట్‌లో కొలతల బొమ్మలో ఇస్తారు, చూసుకోండి.

లోతు ఇంకా ముఖ్యం. మామూలు కంప్యూటర్ బల్ల 60 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. దాని మీద టీవీ నిలబెడితే కాళ్లు పాతిక సెంటీమీటర్లు తినేస్తాయి, మీ మొహం తెరకు మరీ దగ్గరైపోతుంది. ఈ సైజుకి కంటికీ తెరకీ మధ్య కనీసం 80 సెంటీమీటర్లు కావాలి. బల్ల వెనక గోడకు వాల్ మౌంట్‌తో బిగించేస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. కానీ హాల్లో సోఫా ఎదురుగా బిగించే ఎత్తులో బిగించనివ్వకండి. బిగించడానికి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ పైకే పెడతారు. మీరు కుర్చీలో కూర్చుని చూపించండి: తెర పై అంచు మీ కంటికి కాస్త పైన, అంతే. నాలుగైదు గంటలు తల ఎత్తి పని చేస్తే మెడ పట్టేస్తుంది.

ఇక సైజు సంగతి. తెర మీద అంగుళానికి ఎన్ని చుక్కలున్నాయన్నదే అక్షరాల నునుపును తేలుస్తుంది. ఆఫీసుల్లో కనిపించే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 చుక్కలు. 43 అంగుళాల 4కె టీవీలో 102, 50 అంగుళాలైతే 88, 55 అయితే 80. అంటే 43 నుంచి 50 దాకా బల్ల మీద పనికి బాగుంటుంది. 55 అంగుళాలైతే కాస్త వెనక్కి జరిగి కూర్చోవాలి. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ 69 దగ్గర ఆగుతుంది, సినిమాకు ఫర్వాలేదు గానీ రోజంతా చదవడానికి కష్టం. 32 అంగుళాల ‘హెచ్‌డీ రెడీ’ టీవీల్లో ఉండేది 1366 బై 768 చుక్కలు, అంటే అంగుళానికి 49. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసమని చవగ్గా వస్తుందని చాలామంది తీసుకునేది దీన్నే. చదివే పనికి దాన్ని నేనైతే వద్దంటాను. ఆ డబ్బుకి కొంచెం కలిపితే మంచి 24 అంగుళాల మానిటరే వస్తుంది, చక్కగా అది తీసుకోండి.

స్మార్ట్ గొడవ లేని మామూలు టీవీ కొనుక్కుంటే సరిపోదా అని అడగొచ్చు. అలాంటివి మార్కెట్లో ఉన్నాయి గానీ ఎక్కువగా ఈ 32 హెచ్‌డీ రెడీ దగ్గరే ఆగిపోతాయి. 4కె కావాలంటే దాదాపుగా స్మార్ట్ టీవీయే గతి. దాన్ని తెచ్చుకుని ‘తెలివి’ని పక్కన పెట్టడమే మన పని.

షోరూంకి ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లండి

డబ్బాలో ఉన్న టీవీ గురించి స్పెసిఫికేషన్ల కాగితం చెప్పనిది ఒకటుంది. టీవీలు సినిమా కోసం పుట్టాయి కాబట్టి, రంగుల సమాచారాన్ని కుదించి తీసుకోవడం వాటికి అలవాటు. వెలుగు నీడల వివరం ప్రతి చుక్కకూ విడిగా ఉంటుంది, రంగు మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే. దీన్ని 4:2:0 అంటారు. సినిమాలో మన కన్ను దీన్ని పట్టుకోలేదు. అక్షరాల దగ్గరే దొరికిపోతుంది. ప్రతి చుక్కకూ పూర్తి రంగు ఉంటే 4:4:4. మీకు కావలసింది 4కె, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మారడం), 4:4:4, ఈ మూడూ ఒకేసారి.

పరీక్ష ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పెయింట్‌లో ముదురు నీలం రంగు నింపి, దాని మీద ఎర్ర రంగులో 11 సైజు అక్షరాలతో ‘లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, వైశిష్ట్యం’ అని టైపు చేసి సేవ్ చేయండి. ఒత్తులున్న తెలుగు మాటలు దీనికి భలే పనికొస్తాయి, ఎందుకంటే అక్షరం కింద ఒత్తుకి నాలుగైదు చుక్కల ఎత్తు కన్నా చోటు ఉండదు. షోరూంలో టీవీకి ల్యాప్‌టాప్ కలిపి, ఈ బొమ్మని పెద్దది చేయకుండా నూరు శాతంలోనే చూడండి. ఒత్తులు విడివిడిగా కనిపిస్తే మంచిదే. ఎర్రటి మచ్చల్లా అలుక్కుపోతే ఇంకా తీసిపారేయకండి, కింద చెప్పిన పీసీ మోడ్ పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ మోడల్ వదిలేయండి.

శని, ఆదివారాల్లో వెళ్తే మీ గోల వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మధ్య వారంలో మధ్యాహ్నం పూట వెళ్లండి. ప్రదర్శనకు పెట్టిన టీవీ స్టోర్ మోడ్‌లో ఉంటుంది, వెలుగు కళ్లు చెదిరేలా ఉంటుంది. దాన్ని హోమ్ మోడ్‌కి మార్చమని అడగండి.

ఆ పది నిమిషాల్లో ఇంకో రెండు చూడొచ్చు. మొదటిది, తెరకు ఎనభై సెంటీమీటర్ల దూరంలో నిలబడి తెల్లటి పేజీ పెట్టి మూలలు చూడండి. టీవీ తెరల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు ప్రధాన రకాలున్నాయి. వీఏ ప్యానెల్ అయితే దగ్గర నుంచి చూసినప్పుడు మూలలు వెలిసినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్‌లో ఆ తేడా తక్కువ, బదులుగా నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. పనికి నేను ఐపీఎస్‌కే ఓటేస్తాను. రెండోది, ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి, టీవీ వెలుగు బాగా తగ్గించి తీయండి. వీడియోలో తెర టపటపా కొట్టుకుంటుంటే వెనక లైటు వెలిగి ఆరుతూ నడుస్తోందన్న మాట. కొందరికి దీనితో తలనొప్పి వస్తుంది, కొందరికి ఏమీ కాదు. మీరు ఏ కోవకు చెందుతారో మీకే తెలియాలి.

చవక 4కె టీవీల్లో కొన్నిటికి ఆర్‌జీబీడబ్ల్యూ ప్యానెల్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల మధ్య తెల్ల చుక్కలు దూర్చి లెక్క 4కె అనిపిస్తారు. వీటి మీద అక్షరాల అంచులు రంపంలా ఉంటాయి. పై పరీక్షలో ఇదీ బయటపడుతుంది. మరి ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర)? బొమ్మ అద్భుతం, కానీ రోజూ ఎనిమిది గంటలు ఒకేచోట కదలకుండా ఉండే టాస్క్‌బార్ దాని మీద శాశ్వతంగా ముద్ర పడే ప్రమాదం ఉంది. ఆఫీసు పనికి మామూలు ఎల్‌ఈడీయే నిశ్చింత.

చివరిగా అమ్మేవాళ్లని ఇది అడగండి: “దీన్ని వైఫైకి కలపకుండా, అకౌంట్‌తో లాగిన్ కాకుండా హెచ్‌డీఎమ్‌ఐ తీగతో కంప్యూటర్‌కి కలిపి వాడుకోవచ్చా?” మాటతో తృప్తి పడకుండా ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూపించమనండి. గూగుల్ టీవీ ఉన్నవాటిలో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ‘బేసిక్ టీవీ’గా పెట్టుకునే దారి ఉంటుంది. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో నెట్‌వర్క్ మెట్టును దాటవేయవచ్చు. అకౌంట్ ఇస్తే గానీ ముందుకు కదలని టీవీ తగిలితే, ఎంత చవకైనా ఆ బేరం మీకు కాదు.

తీగ, పోర్టు

హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టున్న పాత ల్యాప్‌టాప్ 4కెని 30 హెర్ట్జ్‌కి మించి పంపలేదు. 30 హెర్ట్జ్‌లో మౌస్ కదిలిస్తే బాణం గెంతుతూ పోతుంది, పది నిమిషాల్లో విసుగొస్తుంది. 60 హెర్ట్జ్‌కి హెచ్‌డీఎమ్‌ఐ 2.0 కావాలి. దాని వేగం సెకనుకి 18 గిగాబిట్లు. తీగ కొనేటప్పుడు ‘ప్రీమియం హై స్పీడ్’ అని అడగండి. 4కె 120 హెర్ట్జ్ కావాలనుకుంటే 48 గిగాబిట్ల ‘అల్ట్రా హై స్పీడ్’ తీగ కావాలి, అప్పుడు టీవీ, కంప్యూటర్ రెండూ హెచ్‌డీఎమ్‌ఐ 2.1వై ఉండాలి. రెండు మీటర్ల పొడవు చాలు. పొడవు పెరిగే కొద్దీ తెర ఉన్నట్టుండి నల్లబడడం లాంటి తలనొప్పులు పెరుగుతాయి.

ల్యాప్‌టాప్‌కి టైప్-సి మాత్రమే ఉంటే అడాప్టర్ దగ్గర జాగ్రత్త. డబ్బా మీద పెద్దగా ‘4కె’ అని, పక్కన చిన్నగా ‘30’ అని రాసి ఉంటుంది. 4కె 60 హెర్ట్జ్ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ లాంటి కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే కౌంటర్ మీదే కలిపి చూపించమని అడగొచ్చు. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగ ఆ కార్డు పోర్టుకే పెట్టండి. మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి బొమ్మ రావట్లేదని కంగారు పడేవాళ్లు చాలామంది.

టీవీకి మూడు పోర్టులుంటే మూడూ ఒకటే అనుకోకండి. కొన్ని మోడళ్లలో ఒకటో రెండో మాత్రమే పూర్తి వేగం తీసుకుంటాయి. పోర్టు పక్కన ‘4కె 60’ లాంటి గుర్తులు ఉంటే వాటిని నమ్మండి.

తీగ గుచ్చే ముందు రెండింటినీ ప్లగ్గు నుంచి తీసేయండి. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేనిచోట, ముఖ్యంగా టీవీకి కేబుల్ టీవీ తీగ కూడా కలిపి ఉంటే, హెచ్‌డీఎమ్‌ఐ లోహపు భాగం తాకినప్పుడు చిన్న షాక్ కొడుతుంది. అలాంటప్పుడు ఆన్‌లో ఉండగా గుచ్చితే ల్యాప్‌టాప్ పోర్టు కాలిపోవచ్చు. మూడు పిన్నుల సాకెట్, పనిచేసే ఎర్త్ ఉన్న చోటే కంప్యూటర్ పెట్టండి. మానిటర్‌గా వాడే టీవీకి కేబుల్ తీగ అవసరం లేదు, పీకేయండి. ఉరుములు మెరుపుల వేళ ఆ ఒక్క భయమైనా తగ్గుతుంది.

కలిపాక చేయాల్సిన మార్పులు

ఇదే అసలు పని. ఓ గంట తీరిగ్గా కూర్చోండి.

మొదట టీవీలో ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్‌కి ‘పీసీ’ అని పేరు మార్చండి, లేదా దాని బొమ్మను కంప్యూటర్ బొమ్మగా ఎంచుకోండి. శాంసంగ్, ఎల్‌జీల్లో ఇది వట్టి పేరు మార్పుగా ఆగదు: రంగులు కుదించడం, బొమ్మకి మెరుగులు దిద్దడం లాంటివి టీవీ లోపల ఆగిపోతాయి. ఎల్‌జీలో ఈ వివరం తెలియక ఏళ్ల తరబడి మసక అక్షరాలతో గడిపేవాళ్లు ఉన్నారు. సోనీలో అయితే పిక్చర్ మోడ్‌ని ‘గ్రాఫిక్స్’ చేయాలి. ఇవేవీ లేని టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. గేమ్ మోడ్ వల్ల ఇంకో లాభం: మౌస్ కదిపినప్పటి నుంచి తెర మీద బాణం కదిలేదాకా పట్టే ఆలస్యం బాగా తగ్గుతుంది. సినిమా మోడ్‌లో ఉన్న టీవీ బొమ్మను పట్టి, దిద్ది, తర్వాత చూపిస్తుంది. ఆ దిద్దుడే ఈడుస్తున్నట్టు అనిపించడానికి కారణం.

తర్వాత ఆ పోర్టుకి పూర్తి వేగం ఇవ్వాలి. కొన్ని టీవీల్లో ఇది మొదట్లో ఆపేసి ఉంటుంది. సోనీలో ‘హెచ్‌డీఎమ్‌ఐ సిగ్నల్ ఫార్మాట్’ని ‘ఎన్‌హాన్స్‌డ్’ చేయాలి. శాంసంగ్‌లో దీని పేరు ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎమ్‌ఐ డీప్ కలర్’. ఇది ఆన్ చేసిన వెంటనే తెర ఒకసారి నల్లబడి తిరిగి వస్తుంది, భయపడకండి. నల్లగానే ఉండిపోతే తీగ ఆ వేగాన్ని మోయలేకపోతోందని అర్థం.

టాస్క్‌బార్ అంచులు కనిపించకపోతే అది ఓవర్‌స్కాన్. పాత ట్యూబు టీవీల కాలంలో బొమ్మ అంచుల్లో ఉండే అవకతవకల్ని దాచడానికి బొమ్మను కాస్త పెద్దది చేసి చూపేవారు. ట్యూబులు పోయినా ఆ అలవాటు పోలేదు. బొమ్మ సైజు మెనూలో ‘జస్ట్ స్కాన్’, ‘ఫిట్ టు స్క్రీన్’, ‘ఫుల్ పిక్సెల్’ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోండి. దీన్ని కంప్యూటర్ వైపు నుంచి, అంటే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను కుదించి సరిచేయకండి. అంచులు సరిపోతాయి గానీ ప్రతి అక్షరమూ మసకబారుతుంది.

ఇక ఆపేయాల్సినవి. మోషన్ స్మూతింగ్, దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్. నాయిస్ రిడక్షన్. డైనమిక్ కాంట్రాస్ట్. గది వెలుగును బట్టి తెరను తగ్గించే సెన్సర్, ఎకో మోడ్. లోకల్ డిమ్మింగ్ (వెనక లైటును భాగాలుగా తగ్గించే ఏర్పాటు) ఉంటే అదీ, ఎందుకంటే నల్ల పేజీ మీద మౌస్ చుట్టూ వెలుగు వలయం తిరుగుతుంటే చూడలేం. షార్ప్‌నెస్ దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. ఎక్కువ పెడితే అక్షరాల చుట్టూ తెల్లటి గీతలొస్తాయి. చాలా టీవీల్లో సున్నా దగ్గర పెట్టడమే సరైనది. సోనీల్లో మాత్రం సున్నా పెడితే మసకబారుతుంది, 50 దగ్గరే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది.

వెలుగు సంగతికొస్తే, ‘బ్యాక్‌లైట్’ వేరు, ‘బ్రైట్‌నెస్’ వేరు. కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్ అనేది నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పే సెట్టింగు. కళ్లకు ఎక్కువగా ఉందని దాన్ని తగ్గిస్తే చీకటి రంగులన్నీ కలిసిపోతాయి. మీరు తగ్గించాల్సింది బ్యాక్‌లైట్‌ని. టీవీని హాల్లో పగటి వెలుగుకి తగ్గట్టు తయారు చేశారు. అడుగున్నర దూరంలో చూసే మానిటర్ కన్నా ఎక్కువ వెలుగు వస్తుంది కాబట్టి మొదట్లోనే సగానికి దించి, తెర మీద తెల్లటి పేజీ పక్కన తెల్ల కాగితం పట్టుకుని చూడండి. రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించే దాకా దించుకుంటూ పోండి. రంగు కూడా చూడాలి. ‘కూల్’ బదులు ‘వార్మ్’ పెడితే మొదటి రోజు పసుపుగా అనిపిస్తుంది, రెండో రోజుకి అలవాటైపోతుంది.

ఇప్పుడు కంప్యూటర్ వైపు. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి రిజల్యూషన్ 3840 బై 2160 ఉందో లేదో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు 60 ఉందో లేదో చూడండి. స్కేలింగ్‌ని విండోస్ తనంతట తానే 300 శాతం పెట్టేసి ఉండవచ్చు, ఎందుకంటే ఇది సోఫా నుంచి చూసే టీవీ అని అది అనుకుంటుంది. 43 అంగుళాలకు 100 లేదా 125 శాతం, 55కి 125 లేదా 150 సరిపోతుంది.

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మెలిక ఉంది. సినిమా సిగ్నల్‌లో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు 16 నుంచి 235 వరకు ఉంటాయి, కంప్యూటర్‌లో 0 నుంచి 255 వరకు. ఒక వైపు ఒకటి, మరో వైపు ఇంకొకటి ఉంటే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, లేదా చీకటి భాగాలన్నీ మూసుకుపోతాయి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్ ‘ఆర్‌జీబీ’, డైనమిక్ రేంజ్ ‘ఫుల్’ పెట్టండి. ఏఎమ్‌డీలో పిక్సెల్ ఫార్మాట్ కింద ‘ఫుల్ ఆర్‌జీబీ’ ఉంటుంది. టీవీలోనూ హెచ్‌డీఎమ్‌ఐ బ్లాక్ లెవెల్ లేదా వీడియో రేంజ్ అనేదాన్ని అందుకు తగ్గట్టు ‘ఫుల్’ లేదా ‘నార్మల్’ చేయండి.

ఇంత చేశాక కూడా అక్షరాల అంచుల్లో ఎరుపు నీలం ఛాయలు కనిపిస్తే, మీ టీవీ ప్యానెల్‌లో రంగు చుక్కల వరుస తలకిందులుగా ఉండి ఉంటుంది. మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో ఉంటే కొన్ని టీవీల్లో నీలం ముందు వస్తుంది. విండోస్ సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చే నమూనాల్లో మీ కంటికి బాగున్నవి ఎంచుకుంటూ పోతే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు ఆ ఎర్ర ఒత్తుల బొమ్మను మళ్లీ తెరవండి. ‘స్త్రీ’ కింద ఉన్న తకారం, రకారం విడిగా కనిపిస్తున్నాయంటే మీ టీవీ మానిటర్ అయినట్టే.

వైఫై పాస్‌వర్డ్ అడిగినప్పుడు

టీవీ బిగించడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది మంచినీళ్లు కాదు, “వైఫై పాస్‌వర్డ్ చెప్పండి సార్” అని. ఇవ్వకండి. “దీన్ని మానిటర్‌గా వాడతాం, నెట్ అక్కర్లేదు” అనండి. ప్యానెల్ చూసి, వారంటీ కాగితం ఇచ్చి వెళ్లడానికి వాళ్లకి మీ ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఒకటుంది. తెర మీద ఏం కనిపిస్తోందో టీవీ ఎప్పటికప్పుడు పసిగట్టి, దాని గుర్తుల్ని సర్వర్‌కి పంపుతుంది. అక్కడ వాటిని తెలిసిన కార్యక్రమాలతో పోల్చి మీరేం చూస్తున్నారో తేలుస్తారు, ప్రకటనలకు వాడుకుంటారు. అమెరికాలో విజియో కంపెనీ చెప్పకుండా ఈ పని చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెడితే 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. కోటీ పది లక్షల టీవీల వ్యవహారం అది. విజియో మన దగ్గర అమ్మరు గానీ, ఆ సాంకేతికత మన షోరూంలలో ఉన్న బ్రాండ్లలోనూ ఉంది.

మానిటర్‌గా వాడేవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం 2024లో వచ్చింది. బ్రిటన్, అమెరికా, స్పెయిన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు శాంసంగ్, ఎల్‌జీ టీవీల నెట్ రాకపోకలను కొలిచి చూశారు. టీవీని హెచ్‌డీఎమ్‌ఐతో వట్టి తెరగా వాడుతున్నప్పుడు కూడా ఏసీఆర్ పని చేస్తూనే ఉందని తేలింది. అంటే టీవీకి ఇంటర్నెట్ ఉంటే, మీరు తెరిచిన బ్యాంకు స్టేట్‌మెంటూ ఆఫీసు ఫైలూ కూడా ఆ పసిగట్టే ఏర్పాటు ముందు నుంచే వెళ్తాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపేస్తే ఆ రాకపోకలు ఆగాయని కూడా వాళ్లు చెప్పారు, అది మంచి మాటే. కానీ ఎప్పుడైనా అప్‌డేట్ వచ్చి, కొత్త షరతులకు ఇంట్లో ఎవరో ‘ఓకే’ నొక్కేస్తే మళ్లీ మొదటికొస్తుంది. వైఫైయే లేకపోతే ఈ టెన్షన్ ఏదీ ఉండదు.

ఇప్పటికే కలిపేసి ఉంటే ‘ఫర్గెట్ నెట్‌వర్క్’తో సరిపెట్టకుండా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మొదటి సెటప్‌లో నెట్‌వర్క్ అడిగినప్పుడు స్కిప్ చేయండి. ఆ తర్వాత వచ్చే షరతుల్లో తప్పనిసరి అన్న వాటికి తప్ప మిగతావాటికి టిక్కు పెట్టకండి. శాంసంగ్‌లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో ‘లైవ్ ప్లస్’, సోనీ టీవీల్లో కొన్నింట ‘సాంబా ఇంటరాక్టివ్ టీవీ’, ఇవీ ఏసీఆర్ పేర్లు. వెనక ఎక్కడో మైక్ స్విచ్ ఉంటే ఆపండి. రిమోట్‌లో మైకు ఉన్నా, నెట్ లేని టీవీలో దాని మాట చెల్లదు.

ఇంట్లోవాళ్లు సాయంత్రం అదే తెర మీద సినిమా చూస్తామంటే నెట్ ఇవ్వక తప్పదేమో అనిపిస్తుంది. అవసరం లేదు, కంప్యూటర్ బ్రౌజర్‌లోనే పెట్టొచ్చు. ఇందులో ఒక లోటు మాత్రం ఉంది: కాపీ భయంతో చాలా ఓటీటీలు బ్రౌజర్‌లో 4కె ఇవ్వవు, 1080 దగ్గరో 720 దగ్గరో ఆపేస్తాయి. బల్ల దగ్గర కూర్చుని చూసేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది, మంచం మీద నుంచి చూసేవాళ్లకి అంతగా తెలియదు. 4కె ఉండి తీరాలన్నవాళ్లు టీవీని రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కి కలిపి, పైన చెప్పిన ఏసీఆర్ ఆపేసి, పని వేళల్లో వైఫై తీసేయడం అలవాటు చేసుకోవాలి. నా లెక్కలో అంత శ్రమ దండగ.

రోజూ ఎదురయ్యే చిన్న చిరాకులు

మానిటర్ కంప్యూటర్‌తో పాటే నిద్రపోయి, దానితోనే లేస్తుంది. టీవీకి ఆ అలవాటు లేదు. కంప్యూటర్ నిద్రపోతే టీవీ ‘నో సిగ్నల్’ అంటూ కాసేపు తచ్చాడి ఆగిపోతుంది. లేపాలంటే రిమోట్ నొక్కాలి. రిమోట్‌ని బల్ల మీదే ఉంచుకోండి. ఆన్ చేయగానే యాప్‌ల పేజీ వస్తుంటే సెట్టింగుల్లో ‘చివరి ఇన్‌పుట్’తో మొదలయ్యేలా మార్చండి. శాంసంగ్‌లో ‘ఆటోరన్ స్మార్ట్ హబ్’ ఆపాలి, ఎల్‌జీలో ‘హోమ్ ఆటో లాంచ్’.

పని మధ్యలో “ఇంకా చూస్తున్నారా” అని అడిగి ఆరిపోతోందంటే, నాలుగు గంటలు రిమోట్ ముట్టకపోతే ఆపేసే ఏర్పాటు ఆన్‌లో ఉందన్న మాట. పవర్ సేవింగ్ మెనూలో ఉంటుంది, తీసేయండి.

టీవీ ఆపి వేసినప్పుడు విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదకి పోయి కుప్పపడుతుంటే, విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగుల్లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల చోటును గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది, టిక్కు పెట్టండి. శబ్దం ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి. మీటింగుల్లో మాత్రం హెడ్‌సెట్టే మేలు, టీవీ స్పీకర్లు వెనక్కో కిందకో తిరిగి ఉంటాయి, ఎదుటివాళ్ల మాట గోడకు తగిలి వస్తుంది.

కరెంటు గురించి: 24 అంగుళాల మానిటర్ పాతిక వాట్ల లోపు తీసుకుంటే 43 అంగుళాల టీవీ అంతకు రెండు మూడు రెట్లు తీసుకుంటుంది. బ్యాక్‌లైట్ దించుకుంటే తగ్గుతుంది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంటే దాని మీద టీవీని వేసే ముందు టీవీ వెనక స్టిక్కర్ మీద వాట్లు చూడండి. చిన్న యూపీఎస్ అయితే కరెంటు పోయిన రెండు నిమిషాలకే కూతపెట్టి చేతులెత్తేస్తుంది.

నెట్ లేని టీవీకి అప్‌డేట్లు ఎలా అంటే, పెద్ద కంపెనీలు తమ సపోర్ట్ పేజీల్లో మోడల్ నంబరు ప్రకారం ఫైలు ఇస్తాయి. కంప్యూటర్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో వేసి, టీవీ యూఎస్‌బీకి పెడితే సరిపోతుంది. హెచ్‌డీఎమ్‌ఐ సమస్య ఏదైనా ఉంటేనే ఆ పని పెట్టుకోండి. అంతా బాగున్నప్పుడు కదిలిస్తే పీసీ మోడ్‌లో పెట్టుకున్నవి చెదిరిపోవచ్చు, అందుకే సెట్టింగుల పేజీలన్నీ ముందే ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. ఎప్పుడైనా రిపేరుకి సర్వీసువాళ్లు వచ్చి వెళ్తే, మొదట నెట్‌వర్క్ మెనూ తెరిచి చూడండి. పరీక్ష కోసమని తమ ఫోన్ హాట్‌స్పాట్‌కో మీ వైఫైకో కలిపి, తీయడం మర్చిపోయి వెళ్తుంటారు.